ఉస్తాద్ మొహమ్మద్ ఒమర్, అఫ్ఘాన్ రుబాబ్, కాబూల్ రాగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వీణ, సితార్, సరోద్ శ్రద్ధగా వినే తెలుగు శ్రోతలకు కూడా అఫ్ఘాన్ల తీగల వాద్యం రుబాబ్ కొత్తగానే ఉంటుంది. ఒక్కసారి విన్నాక మాత్రం ప్రశ్నలు వరసగా వస్తాయి. నన్ను ఎక్కువమంది అడిగిన వాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కాబూల్ కూడా రాగానికి సొంత ఊరే. దాన్ని అలాగే గుర్తించి వినాలని నా కోరిక, ఈ జవాబులన్నిటి వెనకా ఉన్నది అదే.

ఉస్తాద్ మొహమ్మద్ ఒమర్ ఎవరు?

ఇరవయ్యో శతాబ్దంలో అఫ్ఘాన్ రుబాబ్‌కి అతి పెద్ద పేరు ఆయనదే. 1905లో కాబూల్‌లో పుట్టారు, 1980లో కన్నుమూశారు. తండ్రి ఇబ్రహీం దగ్గరే చదువు మొదలైంది. ముందు గాత్రం, తర్వాత రుబాబ్. ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఆయన వాయిస్తుంటే పాడుతున్నట్టు ఉండటానికి కారణం ఇక్కడే దొరుకుతుంది.

చాలా ఏళ్లు రేడియో అఫ్ఘానిస్తాన్‌లో దేశీ వాద్యాల బృందాన్ని నడిపించారు. అప్పట్లో దేశం మొత్తం పాట వినేది రేడియోలోనే. పష్తూన్ల పాట, తాజిక్‌ల పాట, ఉజ్బెక్‌ల పాట అన్నీ ఒకే స్టూడియోలోకి వచ్చేవి, ఒకే బృందం వాటికి వాయించేది. ఆ బృందంలో రుబాబ్ ముందు వరసలో నిలిచింది. పాట వెనక నడిచే వాద్యంగా అందరూ చూసిన రుబాబ్‌ని వేదిక మధ్యలో కూర్చోబెట్టి, గంటసేపు ఒంటరిగా వినగలిగే కచేరీ వాద్యంగా నిలబెట్టిన ఘనత ఎక్కువగా ఆయనకే ఇస్తారు. నా లెక్కలోనూ అది సరైన మాటే.

రుబాబ్ చూడటానికి ఎలా ఉంటుంది?

పొట్టిగా, లోతుగా, నడుము దగ్గర బాగా నొక్కినట్టు ఉంటుంది. మల్బరీ చెట్టు మొద్దు ఒకటి తీసుకుని లోపల తొలిచి చేస్తారు. మన బొబ్బిలి వీణని పనస మొద్దులోంచి ఒకటే ముక్కగా చెక్కుతారు కదా, రుబాబ్ కుండ పనితనం కూడా ఆ కోవలోదే. తేడా ఏమిటంటే, వీణ కుండ మీద చెక్క పలక ఉంటుంది, రుబాబ్ కుండ మీద మేకతోలు బిగిస్తారు. తీగల్ని మోసే చిన్న దిమ్మ, అంటే గుర్రం, ఆ తోలు మీదే నిలబడుతుంది. అందుకే మీటగానే స్వరం వెనకే చిన్న డప్పు మోత లాంటి బరువు కూడా వినిపిస్తుంది. దండి మీద ముత్యపుచిప్ప పొదగడం పాత అలవాటు. బాగా చేసిన వాద్యం చూడముచ్చటగా ఉంటుంది.

తీగలు ఎన్ని? మెట్లు ఎన్ని?

వాయించే తీగలు మూడు. ఒకప్పుడు నరంతో చేసేవారు, ఇప్పుడు నైలాన్. శ్రుతి కోసం రెండు మూడు పొడవైన తీగలు ఉంటాయి. ఇవి కాక పక్కనుంచి వచ్చే సన్నని ఉక్కు తీగలు డజను పైనే. వీటిని వేళ్లతో నొక్కరు, వాయించే తీగ మీద వాటి స్వరం పలికితే అవి వాటంతట అవే మోగుతాయి. సితార్, సరోద్ వినేవాళ్లకి వీటిని తరబ్ తీగలంటే తెలుస్తుంది. వాయించబోయే రాగం ఏదైతే ఆ రాగ స్వరాలకే వాటిని సరిచేస్తారు. కచేరీ మొదలవకముందు కళాకారుడు తల వంచి తీగలు బిగించే బిరడలు తిప్పుతూ చాలాసేపు కూర్చునేది ఇందుకే.

మెట్లు, అంటే వేలితో తీగని నొక్కి స్వరం మార్చే అడ్డపట్టీలు, నాలుగే. చాలామందికి ఇక్కడ అనుమానం వస్తుంది, నాలుగు మెట్లతో రాగం ఎలా పలుకుతుందని. మూడు తీగల్లో ఒక్కోదాన్నీ పక్కదానికి మధ్యమం దూరంలో శ్రుతి చేస్తారు. మొదటి తీగ మీద విడి స్వరం, ఆపైన నాలుగు మెట్లు కలిపి అయిదు స్వరస్థానాలు. ఆరోది రెండో తీగ విడి స్వరం. అలా మూడు తీగల మీద వరసగా పదిహేను స్వరస్థానాలు వస్తాయి, అంటే ఒక స్థాయి దాటిపోతుంది. ఇంకా పైకి వెళ్లాలంటే మెట్లు లేని చోట, చెవిని నమ్ముకుని, పై తీగ మీద జారుతూ పోవాలి. ఒమర్ వాయించిన దాంట్లో ఆ పై భాగం వచ్చినప్పుడు గమనించండి, స్వరం ఎక్కడా తడబడదు.

ఆయన గొప్పదనం దేనిలో ఉంది? వేగంలోనా?

వేగం ఉంది, కానీ నా దృష్టిలో అది రెండో విషయం. ముందు కుడిచెయ్యి గురించి చెప్పాలి.

రుబాబ్‌ని షాబాజ్ అనే చిన్న ముక్కతో మీటుతారు. మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. తోలు దాన్ని త్వరగా మింగేస్తుంది. వీణలో లాగా ఒక్క మీటు మీద పొడవైన గమకాన్ని సాగదీయడం ఇక్కడ కుదరదు. కాబట్టి రుబాబ్ వాద్యకారుడు రాగాన్ని మీటులతో కట్టుకుంటూ పోవాలి. పైకి మీటు, కిందికి మీటు, రెండు మీటులు వెంటవెంటనే, ఒక మీటు వదిలేసి ఖాళీ, ఇలా వందల రకాల అల్లికలు. అదే రాగ స్వరూపం, అదే లయ, రెండూ ఒకే చేతిలోంచి పుడతాయి.

ఈ అల్లికల్లో అన్నిటికన్నా అందమైనది పరంద్‌కారీ. తరబ్ తీగల్లో అన్నిటికన్నా పొట్టిదాన్ని గుర్రం మీద కాస్త ఎత్తుగా ఉంచుతారు, షాబాజ్‌కి అందేలా. దాన్ని తారస్థాయి షడ్జమానికి శ్రుతి చేస్తారు. వాద్యకారుడు కింద రాగం నడుపుతూనే, మీటుకీ మీటుకీ మధ్య ఆ తీగని తాకి వస్తుంటాడు. వినేవాళ్లకి ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. కింద ఒక పాట, పైన చిటచిటమని లయ. వేగం పెరిగే కొద్దీ పై తీగ మీద పడే దెబ్బలు తాళానికి ఎదురుగా, అడ్డంగా, మళ్లీ కలిసి నడుస్తాయి. పాతవాళ్ల చేతుల్లో ఇది అలంకారంగా ఉండొచ్చు, ఒమర్ చేతిలో మాత్రం ఇదే కచేరీకి వెన్నెముక. ఆయన తర్వాత రుబాబ్ పట్టిన ఎవరూ దీన్ని పక్కన పెట్టలేకపోయారు.

కాబూల్‌కి రాగాలు ఎలా చేరాయి?

కొత్తగా చేరినవి కావు, రాకపోకలు చాలా పాతవి. కానీ ఇప్పుడు మనం వినే కాబూల్ సంప్రదాయానికి ఒక స్పష్టమైన మలుపు ఉంది. 1860ల్లో అమీర్ షేర్ అలీ ఖాన్ కాలంలో ఉత్తర భారతం నుంచి గాయకులు, వాద్యకారులు కాబూల్ దర్బారుకి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. రాజకోటకి దగ్గరలో, పాత నగరంలో వాళ్లకి ఇళ్లు ఇచ్చారు. ఆ వీధే ఖరాబాత్. తాతలది ఏ ఊరైనా, మనవళ్ల నాటికి వాళ్లు కాబూలీలే. మాట్లాడేది దరీ భాష, పాడేది పారసీ గజల్, స్వరాలు చెప్పుకునేది స రి గ మ ప ద ని.

ఖరాబాత్ నుంచే ఉస్తాద్ ఖాసిం వచ్చారు. అఫ్ఘాన్ రాజు అమానుల్లా దర్బారులో పాడిన ఆయన్ని అఫ్ఘాన్ శాస్త్రీయ సంగీతానికి తండ్రి అని పిలుస్తారు. అక్కడినుంచే ఉస్తాద్ సరాహంగ్ వచ్చారు. ఆయన పటియాలా ఘరానాకి చెందిన ఆషిక్ అలీ ఖాన్ దగ్గర నేర్చుకుని, కాబూల్ తిరిగి వెళ్లి బేదిల్ గజళ్లను రాగాల్లో పాడారు. బేదిల్ ఢిల్లీలో జీవించి ఢిల్లీలోనే సమాధి అయిన పారసీ కవి. ఈరోజుకీ ఆయన్ని మనసుకి హత్తుకునేది మనకన్నా కాబూల్ వాళ్లే.

గురుశిష్య బంధం కూడా మనకి తెలిసినట్టే ఉంటుంది. ఉస్తాద్ శిష్యుడి ముంజేతికి దారం కట్టి స్వీకరిస్తాడు, మిఠాయి పంచుతారు. ఆ దారం కట్టాకే అసలు విద్య బయటికి వస్తుంది.

అయితే ఇది హిందుస్తానీ సంగీతమే కదా? వేరే పేరు ఎందుకు?

ఈ ప్రశ్న దగ్గర నేను కాస్త పట్టుదలగా ఉంటాను. హిందుస్తానీ సంగీతాన్ని అరువు తెచ్చుకుని వాయిస్తున్నారని అనడం అన్యాయం. వ్యాకరణం ఒకటే, నిజమే. రాగం ఉంది, తాళం ఉంది, తబలా ఉంది. అయితే కచేరీ కట్టుబడి వేరు.

సితార్ కచేరీలో ఆలాపన గంటసేపు సాగొచ్చు. కాబూల్ పద్ధతిలో దాని పేరు షకల్. అది చిన్నదిగా, సూటిగా ఉంటుంది. రాగం ముఖం చూపించి పక్కకి తప్పుకుంటుంది. ఆ తర్వాత నగ్మా మొదలవుతుంది. అది తాళంలో కూర్చిన వాద్య రచన. పాటల సభ మొదట్లో వాయించే పెద్ద రచనని నగ్మా-యె-కషాల్ అంటారు. అందులో మన పల్లవి లాంటి ఆస్తాయి ఉంటుంది. దాన్ని మళ్లీ మళ్లీ తిరిగి వాయిస్తూ, ప్రతిసారీ మీటుల అల్లిక మార్చుతూ పోతారు. తర్వాత అంతరా, ఇంకొన్ని భాగాలు. వేగం మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఒక్కో భాగం ముగిసే చోట మూడుసార్లు చెప్పి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, చేర్చే ముక్తాయింపు ఉంటుంది. దాన్ని వాళ్లు సె అంటారు. కర్ణాటక కచేరీలో తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) చివర ఇలాగే మూడుసార్లు వచ్చే మోరా కోసం ఎదురుచూసే శ్రోతకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

అంటే ఆలాపన మీద కన్నా రచన మీద, లయ మీద బరువు ఎక్కువ. రుబాబ్ స్వరం నిలవదన్న సంగతితో దీన్ని కలిపి చూడండి. వాద్యం స్వభావమే సంగీతం ఆకారాన్ని నిర్ణయించింది. వేరే పేరు పెట్టుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఏ రాగాలు ఎక్కువగా వినిపిస్తాయి? కర్ణాటకంలో వాటికి దగ్గరివి ఏవి?

అన్నిటికన్నా ముందు బైరమీ. ఇది హిందుస్తానీ భైరవి. స్వరాల వరకు మన హనుమతోడి మేళం. కానీ వినగానే తోడి గుర్తుకురాదు, సింధుభైరవి వైపు మనసు పోతుంది. మన కర్ణాటక భైరవితో పేరు తప్ప సంబంధం లేదు, అది నటభైరవి జన్యం. అఫ్ఘాన్ల పాటల్లో, జానపదాల్లో కూడా అతి ఎక్కువగా వినిపించేది ఈ బైరమీ స్వరాలే. అక్కడి గొర్రెల కాపరికీ ఉస్తాద్‌కీ కలిసే చోటు అది.

యెమన్ అంటే యమన్, అంటే మన కల్యాణి. ఆసావరి స్వరాలు నటభైరవివి. వీటితో పాటు పారీ, కేస్తురీ వంటి రాగాలున్నాయి. మన దేశంలో కచేరీలకి వెళ్లేవాళ్లకి ఈ పేర్లు కొత్త. అఫ్ఘాన్ కళాకారులు వీటిని తమ సొంతమని చెప్పుకుంటారు. ఒకసారి విని చూడండి.

తాళాలు?

పెద్ద నగ్మాలకి పదహారు మాత్రల తీన్‌తాల్. తేలికపాటి వాటికి దాద్రా, గేదా. ఏడు మాత్రల మొఘోలీ మాత్రం తప్పక వినండి, మిశ్రచాపుకి అలవాటుపడిన చెవి వెంటనే పట్టేస్తుంది.

ఇది పారసీ సంగీతానికి చెందినది కాదా? ఇరాన్ పక్కనే కదా?

పశ్చిమాన హెరాత్‌లో ఆ ప్రభావం ఉండేది. పారసీ సంగీతంలో అర్ధస్వరానికన్నా చిన్న తేడాలు, మన పన్నెండు స్వరస్థానాల మధ్యలో పడే స్వరాలు ఉంటాయి. రుబాబ్ మెట్లు అర్ధస్వరాల దూరంలో ఉంటాయి కాబట్టి అవి ఇందులో పలకవు. రేడియో ద్వారా కాబూల్ సంగీతం దేశమంతా పాకినప్పుడు హెరాత్ కూడా అటువైపు మొగ్గింది. రెండు తీగల హెరాతీ దుతార్‌కి తరబ్ తీగలు చేర్చి పద్నాలుగు తీగల వాద్యంగా మార్చుకున్నారు. ఆ మార్పుని దగ్గరుండి చూసి రాసినవారు బ్రిటిష్ సంగీత పరిశోధకుడు జాన్ బైలీ. 1970ల్లో హెరాత్‌లో ఉండి, దుతార్, రుబాబ్ రెండూ నేర్చుకున్నారు. హెరాత్ రుబాబ్‌కి పెద్ద పేరు రహీం ఖుష్‌నవాజ్‌ది. ఆయన వాయించే తీరు మెత్తగా, పాటకి దగ్గరగా ఉంటుంది.

సరోద్ రుబాబ్ నుంచే వచ్చిందా?

అవును. అఫ్ఘాన్ వంశాల బంగష్ కుటుంబాలు రుబాబ్‌తో ఉత్తర భారతానికి వచ్చి స్థిరపడ్డాయి. అమ్జద్ అలీ ఖాన్ ఆ వంశంలోని వారే. మన రాగ ఆలాపనకి స్వరం సాగాలి, జారాలి. అందుకని మెట్లు తీసేసి దండి మీద లోహపు రేకు వేశారు, నరం బదులు లోహపు తీగలు కట్టారు. తోలు, తొలిచిన చెక్క, తరబ్ తీగలు అలాగే ఉండిపోయాయి. రెండు వాద్యాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే చుట్టరికం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం నాకు చాలా ఇష్టం. వాద్యం ఇటు వచ్చింది, గాయకులు అటు వెళ్లారు. కాబూల్ మనకి సరోద్‌కి మూలాన్ని ఇచ్చింది, మన ఊళ్లు కాబూల్‌కి ఉస్తాదులను ఇచ్చాయి. ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో తేల్చడం కుదరదు.

సిక్కు సంప్రదాయంలో భాయి మర్దానా వాయించిన రబాబ్ ఇదేనా?

కాదు. గురునానక్ వెంట నడిచిన మర్దానా రబాబ్, తాన్‌సేన్ వంశం వాయించిన రబాబ్ వేరే ఆకారాలు. అరబ్బు దేశాల్లో అదే పేరుతో కమానుతో వాయించే వాద్యం కూడా ఉంది. కాశ్మీర్ రబాబ్ మాత్రం అఫ్ఘాన్ రుబాబ్‌కి అతి దగ్గరి చుట్టం.

జాకిర్ హుస్సేన్‌తో కచేరీ గురించి చెప్పండి.

1974లో ఒమర్‌ని అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పిలిచింది. అఫ్ఘాన్ సంగీతం మీద పరిశోధన చేసిన లొరైన్ సకాటా అక్కడే ఉండేవారు. ఆ నవంబర్‌లో జరిగిన కచేరీకి తబలా మీద కూర్చున్నది జాకిర్ హుస్సేన్. అప్పటికి ఆయన వయసు 23. ఒమర్ డెబ్బైకి దగ్గరపడ్డారు. ఇద్దరూ అంతకు ముందు కలిసి వాయించినవాళ్లు కారు. హాయిగా మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష కూడా లేదు.

రికార్డింగ్ వింటే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. మొదట్లో జాకిర్ చాలా నెమ్మదిగా ఉంటారు, పెద్దాయన ఎటు పోతారో గమనిస్తూ. ఠేకా, అంటే తాళాన్ని చూపే మూల దరువు, శుభ్రంగా పట్టుకుని కూర్చుంటారు. ఆస్తాయి రెండు మూడు ఆవర్తనాలు తిరిగాక, రుబాబ్ మీద పడిన ఒక అల్లికని తబలా తిరిగి చెబుతుంది. అక్కడినుంచి ఇద్దరికీ టెన్షన్ పోయినట్టు అనిపిస్తుంది. ఒమర్ పరంద్‌కారీ మొదలుపెట్టగానే తబలా తగ్గుతుంది, పై తీగ చప్పుడు స్పష్టంగా వినపడాలని. ఆ వయసులో ఒక కుర్రాడికి అంత వినయం, అంత వినికిడి ఉండటం చూస్తే, తర్వాత ఆయన ఎందుకు అంతవాడయ్యాడో తెలుస్తుంది.

ఆ కచేరీని స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సంస్థ 2002లో విడుదల చేసింది. అంటే ఒమర్ పోయిన ఇరవై ఏళ్ల తర్వాత. ప్రపంచంలో ఎక్కువమంది ఆయన పేరు విన్నది ఆ రికార్డు వల్లే.

ఆయన తర్వాత ఎవరు?

హుమాయూన్ సఖీ పేరు ముందుగా చెబుతాను. 1976లో కాబూల్‌లో పుట్టారు. తండ్రి గులాం సఖీ, ఒమర్ శిష్యుడు, ఆయనకి బావమరిది వరస కూడా. యుద్ధం ముదిరాక 1992లో కుటుంబం పెషావర్ చేరింది. అక్కడ కాబూల్ నుంచి వచ్చేసిన కళాకారులు గదులు అద్దెకి తీసుకుని, పెళ్లిళ్లకి వాయిస్తూ సంగీతాన్ని బతికించుకున్నారు. ఆ తర్వాత ఆయన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి వెళ్లారు. అఫ్ఘాన్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు అది. మన తెలుగువాళ్లు కూడా అక్కడ బోలెడుమంది, కాబట్టి ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆయన కచేరీ ఉందేమో కనిపెట్టుకుని ఉండండి. మీటుల లెక్కల్లో ఆయన ఒమర్ కన్నా ముందుకి వెళ్లారని నా అభిప్రాయం. అమెరికాలోని నలుగురు తంత్రీవాద్యకారుల బృందం క్రోనోస్ క్వార్టెట్ కోసం రుబాబ్‌తో కలిపి ఒక పెద్ద రచన కూడా చేశారు.

ఒమర్ శిష్యుల్లో దావూద్ ఖాన్ సదోజాయ్ జర్మనీలో స్థిరపడ్డారు. ఆయన అమ్జద్ అలీ ఖాన్ దగ్గర సరోద్ కూడా నేర్చుకున్నారు. ఇటు వచ్చి సరోద్ అయిన రుబాబ్‌ని, అక్కడే ఉండిపోయిన రుబాబ్‌ని ఒకే మనిషి రెండు చేతులతో పట్టుకోవడం అన్నమాట.

ఇప్పుడు అఫ్ఘానిస్తాన్‌లో రుబాబ్ పరిస్థితి ఏమిటి?

బాధగా ఉంది. ఖరాబాత్ వీధి 1990ల అంతర్యుద్ధంలో రాకెట్ల దెబ్బకి శిథిలమైంది. 1996 నుంచి 2001 వరకు తాలిబాన్ సంగీతాన్ని నిషేధించారు. తర్వాతి ఇరవై ఏళ్లలో కొంత ఊపిరి తీసుకున్నారు. అహ్మద్ సర్మస్త్ కాబూల్‌లో జాతీయ సంగీత విద్యాలయం నెలకొల్పారు, ఆడపిల్లలు కూడా చేరారు. 2021 ఆగస్టులో తాలిబాన్ తిరిగి వచ్చాక ఆ విద్యార్థులు, అధ్యాపకులు దేశం విడిచి పోర్చుగల్‌లో ఆశ్రయం పొందారు. 2023లో హెరాత్‌లో వాద్యాలను కుప్పగా పోసి కాల్చారు. పదేళ్ల సాధనకి తోడున్న వాద్యాన్ని బహిరంగంగా తగలబెట్టడం కన్నా క్రూరమైన పని ఒక కళాకారుడి విషయంలో నేను ఊహించలేను.

2024 డిసెంబరులో రుబాబ్‌ని తయారు చేసే, వాయించే కళని యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ పేర్ల మీద వచ్చిన గుర్తింపు అది. సంతోషమే. కానీ కాబూల్‌లో ఒక కుర్రాడు కిటికీ తెరిచి సాధన చేసుకోగలిగిన రోజునే ఆ గుర్తింపుకి అర్థం.

కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

సియాటిల్ కచేరీతోనే. ఫోన్ స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. లేకపోతే తరబ్ తీగల మోత సగం పోతుంది. మొదటిసారి కింది స్వరాల పాట మీదే ధ్యాస పెట్టండి. రెండోసారి పై తీగ ఒక్కదాన్నే వెంబడించండి. తర్వాత రహీం ఖుష్‌నవాజ్ వినండి, ఆపైన హుమాయూన్ సఖీ. ముగ్గురివీ బైరమీ దొరికితే పక్కపక్కన పెట్టుకుని వినడం మంచి పాఠం.

మన దగ్గర నేర్చుకోవడం వీలవుతుందా?

ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే గురువు తెలుగు రాష్ట్రాల్లో దొరకడం కష్టం. విదేశాల్లో ఉన్న అఫ్ఘాన్ ఉస్తాదుల్లో కొందరు ఆన్‌లైన్‌లో చెబుతున్నారు, అదే సరైన దారి. సరోద్ తెలిసినవాళ్లకి ఎడమచెయ్యి త్వరగానే కుదురుతుంది, కుడిచేతికి మాత్రం కొత్తగా నేర్పాలి. వీణ నుంచి వచ్చేవాళ్లు స్వరాన్ని లాగే అలవాటు మానుకోవాలి.

కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. అలంకరణ చూసి మోసపోకండి. మార్కెట్లో గోడకి తగిలించడానికి చేసినవి కూడా చాలా ఉంటాయి. తెలిసినవాళ్లతో వాయించి చూపించమనండి, వీడియో కాల్‌లో అయినా సరే. బిరడలు జారకూడదు, మెట్ల దగ్గర శ్రుతి సరిగ్గా పలకాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమకి మేకతోలు వదులైపోతుంది, గుర్రం కిందికి దిగి తీగలు మెట్లకి తగులుతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి మూసి ఉంచండి. ఎండలో పెట్టి బిగించాలని చూడకండి, తోలు చిట్లుతుంది. వాయించనప్పుడు తీగలు కాస్త వదులు చేస్తే తోలు మీద బరువు తగ్గుతుంది.